తోలుకొక అద్దకం, కాన్వాసుకొక అద్దకం: వేషధారణ సామగ్రికి ఇంట్లో రంగు వేయడం

నాటకానికో, నృత్య ప్రదర్శనకో, బడిలో పిల్లల వేషాల పోటీకో, హైదరాబాద్ కామిక్ కాన్‌కో సిద్ధమయ్యేవారికి దుస్తులు కుట్టించుకోవడం కంటే వాటికి తోడుగా కావలసిన చిన్న సామగ్రిని సమకూర్చుకోవడమే తరచూ కష్టమవుతుంది. నడుముకు కట్టే బెల్టు, కత్తి ఒర, అమ్ములపొది, భుజాన వేలాడే సంచి, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు తలా ఒక దుకాణంలో, తలా ఒక రంగులో దొరుకుతాయి. బెల్టు లేత గోధుమ రంగులోను, సంచి ఖాకీలోను, బూట్లు నలుపులోను ఉంటే ఎంత ఖర్చు పెట్టి కుట్టించిన దుస్తులైనా అతుకుల బొంతలా కనిపిస్తాయి. అన్నింటినీ ఒకే ఛాయలోకి తేవడానికి ఇంట్లోనే రంగు వేసుకోవాలన్న ఆలోచన అక్కడ పుడుతుంది. అది మంచి ఆలోచనే. అయితే దాన్ని అమలుచేసే పద్ధతిలో ఎక్కువమంది ఒకే చోట దెబ్బతింటారు: ఒక రంగు పొట్లం తెచ్చి, ఒక బకెట్టు వేడినీళ్లలో కలిపి, ఉన్నవన్నీ అందులో ముంచుతారు.

కాన్వాసు గుడ్డతో కుట్టి, తోలు పట్టీలు వేసిన సంచిని అలా ముంచితే ఏం జరుగుతుందో ముందే చెప్పవచ్చు. గుడ్డకు రంగు ఓ మోస్తరుగా పడుతుంది. తోలు పట్టీలు ముడుచుకుపోయి, ఆరాక కొయ్యముక్కల్లా బిగుసుకుంటాయి. కుట్టు దారం మాత్రం తెల్లగానే మిగిలి, నల్లటి సంచి మీద చుక్కల గీతలా కనిపిస్తుంది. రంగు నాసిరకమని దుకాణదారుణ్ణి తిట్టుకోవడం మామూలే గాని, నిజానికి ఆ రంగులో లోపం లేకపోవచ్చు. తోలు జంతు మాంసకృత్తు, కాన్వాసు మొక్కల పీచు, దారం చాలావరకు పాలియెస్టర్. ఈ మూడింటికీ రంగు పట్టే రసాయనం వేరు, ఓర్చుకోగల వేడి వేరు, సరిపడే ఆమ్లం, క్షారం వేరు. కాబట్టి వస్తువులన్నీ ఒకే ఛాయలోకి రావాలంటే వాటికి వేసే రంగులు వేరువేరుగానే ఉండాలి. దీనికి ఒకే ఒక్క చెప్పుకోదగిన మినహాయింపు ఉంది. అది ఆంధ్ర దేశపు కలంకారీ కళాకారులకు తరతరాలుగా తెలిసిన నలుపు. దాని సంగతి కొంచెం తర్వాత.

అన్నింటికన్నా ముందు తేల్చుకోవలసినది, చేతిలో ఉన్నది అసలు తోలేనా అన్నది. వేషాల దుకాణాల్లో తోలు పేరిట అమ్ముడయ్యే సరుకులో అధికభాగం రెగ్జిన్, అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. దానికి ఏ అద్దకమూ పట్టదు. రంగు లోపలికి ఇంకడానికి అక్కడ రంధ్రాలు లేవు. వస్తువును తిప్పి వెనుక వైపు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. తోలు వెనుక భాగం నూగునూగుగా, పీచుపీచుగా ఉంటుంది. రెగ్జిన్ వెనుక నేత గుడ్డ కనిపిస్తుంది. అస్తరు వేసి కుట్టినందువల్ల వెనుక భాగం కనిపించకపోతే, అంచు నుంచి గోరంత ముక్క కోసి పట్టుకారుతో పట్టి కాల్చి చూడాలి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే తోలు. కరిగి ప్లాస్టిక్ వాసన వస్తే రెగ్జిన్. తోలుపొడిని జిగురుతో అంటించి చేసిన అట్టలాంటి సరుకు కూడా బజారులో ఉంది. అది కాలినప్పుడు తోలు వాసనే వస్తుంది గాని, తడి తగిలితే పొరలు పొరలుగా విడిపోతుంది. చవక బెల్టులను మధ్యలో విరిచి చూస్తే ఇది బయటపడుతుంది.

తోలని తేలాక, అది ఏ విధంగా పదును చేసినదో తెలుసుకోవాలి. పచ్చి చర్మం కుళ్లకుండా మన్నే తోలుగా మారడానికి ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. చెట్ల బెరడు, కాయల్లోని వగరు పదార్థమైన టానిన్‌తో పదును చేయడం పాతది. క్రోమియం లవణాలతో పదును చేయడం 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో అమెరికాలో వాణిజ్య స్థాయికి చేరి ప్రపంచమంతటా వ్యాపించింది. నేడు తయారయ్యే తోలులో ఎక్కువ భాగం క్రోమ్ పదునుదే. దక్షిణ భారతంలో మాత్రం బెరడు పదునుకు చాలా పెద్ద చరిత్ర ఉంది. తంగేడు బెరడుతోను, కరక్కాయలతోను పదును చేసి, ‘ఈస్ట్ ఇండియా’ తోళ్లన్న పేరుతో మద్రాసు రేవు నుంచి విదేశాలకు ఎగుమతి చేసినవి ఈ రకం తోళ్లే. బతుకమ్మలో పేర్చే పసుపు పూల తంగేడు, ఇంగ్లీషు వృక్షశాస్త్ర గ్రంథాలకు తోళ్లవాళ్ల చెట్టుగానే పరిచయం. తర్వాతి కాలంలో తంగేడు స్థానాన్ని దిగుమతి అయిన వాటిల్ అనే చెట్టు బెరడు సారం చాలావరకు ఆక్రమించింది.

ఈ తేడా ఇంట్లో రంగు వేసేవారికి రెండు విధాల అక్కరకు వస్తుంది. మొదటిది వేడి. తోలులోని కొలాజెన్ పీచు ఒక ఉష్ణోగ్రత దాటగానే ఒక్కసారిగా ముడుచుకుపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. బెరడు పదును తోలుకు ఆ హద్దు సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది; బాగా పదునైన క్రోమ్ తోలు మరిగే నీటికి కూడా కాసేపు తట్టుకుంటుంది. గుడ్డలకు రంగు వేసే పొట్లాల మీద మరిగే నీళ్లలో ఉడికించమని రాసి ఉండే సూచన బెరడు పదును బెల్టుకు మరణశాసనం లాంటిది. రెండవది రంగు పట్టే తీరు. బెరడు పదును తోలు రంగును గబగబా పీల్చుకుంటుంది, ఒక్కోసారి పీల్చుకోవలసిన దానికంటే ఎక్కువగా. సహజంగానే గోధుమ వన్నెలో ఉంటుంది కాబట్టి వేసిన ప్రతి రంగులోనూ ఆ గోధుమ ఛాయ కలుస్తుంది. క్రోమ్ తోలు కోసిన అంచులో లేత నీలమో బూడిద రంగో కనిపించవచ్చు. మెత్తగా ఉంటుంది, సాధారణంగా కర్మాగారంలోనే రంగు, పైపూత పూర్తిచేసుకుని బజారుకు వస్తుంది.

ఆ పైపూతే అసలు అడ్డంకి. ఒక నీటి చుక్కను తోలు మీద వేసి ఒకటి రెండు నిమిషాలు చూస్తే సంగతి తెలుస్తుంది. చుక్క ఇంకి ఆ చోటు ముదురుగా మారితే రంగు కూడా ఇంకుతుంది. చుక్క ముత్యంలా నిలబడి జారిపోతే పైన మైనమో, ప్లాస్టిక్ పొరో ఉన్నట్టు. దాన్ని తీయకుండా వేసిన రంగు తోలును కాక ఆ పొరను రంగులో ముంచుతుంది, నాలుగు రోజుల్లో పొరతోపాటే రాలిపోతుంది. పొరను తీయడానికి అసిటోన్ వాడతారు. పాత నూలు గుడ్డను తడిపి, ఒకే చోట గట్టిగా రుద్దకుండా, గుడ్డ ముఖాన్ని మారుస్తూ తుడుస్తూ పోవాలి. మొదట గుడ్డకు మెరుపు, కాస్త రంగు అంటుకుని వస్తాయి. తర్వాత తోలు మెరుపు తగ్గి కాస్త గరుకుగా, పేలవంగా కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ నీటి చుక్క వేసి చూడాలి. ఎంత తుడిచినా ఇంకకపోతే, ముఖ్యంగా అద్దంలా మెరిసే పేటెంట్ తోలు విషయంలో, అద్దకం ఆశ వదులుకుని పూతకు దిగడం మంచిది. అసిటోన్ ఆవిరి చాలా సులువుగా అంటుకుంటుంది. వంటింట్లో, పొయ్యి వెలుగుతున్న చోట, దేవుడి దీపం ఉన్న గదిలో ఈ పని చేయకూడదు. గాలి ఆడే వసారాయో, డాబా మీద నీడో తగిన చోటు.

తోలుకు వాడే రంగుల్లో స్పిరిట్ ఆధారంగా చేసినవి, నూనె కలిపిన స్పిరిట్‌వి, నీటి ఆధారంగా చేసినవి ప్రధానం. స్పిరిట్ రంగు లోతుగా, వేగంగా దిగుతుంది. ఆ వేగమే దాని చిక్కు కూడా: కుంచె మొదట తాకిన చోట మచ్చగా నిలిచిపోతుంది. నూనె కలిసినది నిదానంగా దిగి సమంగా పరుచుకుంటుంది, కొత్తవారికి అదే నయం. నీటి రంగు వాసన లేనిది, పిల్లలున్న ఇంటికి సుఖమైనది. కాని ఆరాక తోలు కొంత గట్టిపడుతుంది, పైన రక్షణ పూత లేకపోతే తడికి మళ్లీ కారుతుంది. ఏ రకమైనా చిక్కగా ఒకేసారి వేయడం కంటే పలుచగా రెండు మూడు సార్లు వేయడమే సమమైన రంగుకు మార్గం. ఉన్ని ముక్కతోనో, మడిచిన పాత బనియను గుడ్డతోనో సుడులు తిప్పుతూ, ఆగకుండా ఒక అంచు నుంచి మరో అంచు దాకా వెళ్లాలి. బెల్టు మధ్యలో ఆగి ఫోన్ తీస్తే ఆగిన చోట గీత పడుతుంది, ఆ గీత తర్వాత ఎన్ని పూతలు వేసినా పూర్తిగా మాయం కాదు. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగును నమ్మకూడదు. ఆరాక అది తేలికవుతుంది, నూనె పట్టించాక మళ్లీ ముదురుతుంది. అందుకే బెల్టు చివర లోపలి వైపున చిన్న మచ్చ వేసి, ఆరబెట్టి, నూనె రాసి చూసిన తర్వాతనే అసలు పనికి పూనుకోవాలి.

నలుపు ప్రత్యేకమైన పేచీ పెడుతుంది. నల్ల రంగును నేరుగా లేత తోలు మీద వేస్తే ఆరాక గోధుమ ఛాయో ఆకుపచ్చ ఛాయో కొడుతూ, పైన రాగి మెరుపు తేలుతుంది. ముదురు నీలాన్ని మొదటి పూతగా వేసి దాని మీద నలుపు వేసే పద్ధతి తోలు పనివాళ్లలో ఉంది. తోలులోని పసుపు, గోధుమ వన్నెను నీలం తినేస్తుంది కాబట్టి నలుపు నిండుగా కనిపిస్తుంది. పైకి తేలిన రాగి మెరుపు, తోలులోకి దిగకుండా మిగిలిపోయిన రంగుపొడి. రాత్రంతా ఆరనిచ్చి, పొడి గుడ్డతో గుడ్డకు మరక అంటనంత వరకు రుద్దాలి. ఈ రుద్దుడు విసుగు పుట్టించే పని కావడంతో చాలామంది రెండు చేతులు తిప్పి వదిలేస్తారు. ప్రదర్శన రోజున తెల్ల పంచె మీద నల్లటి నడుము గీత పడడానికి కారణం అదే.

స్పిరిట్ తోలులోని సహజమైన కొవ్వును లాగేస్తుంది. తిరిగి నూనె పట్టించకపోతే వంచిన చోట తోలు చిట్లి, లోపలి లేత రంగు సన్నని గీతలుగా బయటపడుతుంది. పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె దీనికి వాడుకలో ఉన్నది. పల్లెల్లో తోలు చెప్పులకు ఆముదం పట్టించే అలవాటు కూడా అర్థం లేనిది కాదు. ఆముదం గాలికి ఆరి పొరకట్టదు. అయితే అది చిక్కని నూనె, కాస్త ఎక్కువైతే జిడ్డుగా నిలిచి దుమ్ము పట్టుకుంటుంది. వేరుశనగ నూనె వంటి వంటనూనెలు కొన్నాళ్లకు మక్కు వాసన కొడతాయి. నూనె ఒకటి రెండు రోజులు ఇంకిన తర్వాత మైనం గాని, అక్రిలిక్ రక్షణ పూత గాని వేయాలి. మైనం అందంగా ఉంటుంది. చెమటకూ వానకూ అక్రిలిక్ పూత ఎక్కువ నిలుస్తుంది. బూటు పాలిష్‌తో రంగు మార్చవచ్చన్న నమ్మకం కూడా ప్రచారంలో ఉంది. పాలిష్ అంటే రంగు కలిపిన మైనం మాత్రమే. ఉన్న రంగుకు మెరుగు పెడుతుంది, గీతలు కప్పుతుంది, అంతకు మించి దాని నుంచి ఏమీ ఆశించకూడదు.

కాన్వాసు సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. అసలు కాన్వాసు ముతక నూలు గుడ్డ, అంటే సెల్యులోజ్. బజారులో ఇప్పుడు పాలియెస్టర్ కాన్వాసు కూడా విరివిగా ఉంది కాబట్టి అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడాలి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి నల్లపూసగా మిగులుతుంది. పాలియెస్టర్‌కు రంగు వేసే మిల్లులు ఒత్తిడి కింద 130 డిగ్రీల దాకా వేడి వాడతాయి. ఆ పని ఇంటి పొయ్యి మీద చక్కగా కుదిరేది కాదు. నూలు మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గరే గట్టి రంగును అంగీకరిస్తుంది, అందుకు కారణం రియాక్టివ్ రంగులు. బ్రిటన్‌లోని ఐసీఐ సంస్థ 1956లో ప్రొసియాన్ పేరుతో వీటిని మార్కెట్‌లోకి తెచ్చింది. అంతకు ముందరి రంగుల్లో చాలావరకు పీచును పట్టుకుని వేలాడేవి. ఇవి పీచుతో రసాయనికంగా కలిసిపోయి, అందులో భాగమైపోతాయి. ఆ కలయికకు క్షారం కావాలి, దాన్ని ఇచ్చేది చాకలి సోడా.

కొత్త కాన్వాసుకు మిల్లులో పెట్టిన గంజి ఉంటుంది. గుడారాలకు ఉద్దేశించినదైతే నీరు పట్టకుండా మైనమో మరే పూతో కూడా ఉంటుంది. చాకలి సోడా, డిటర్జెంటు కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి, బాగా ఉతికితే గంజి పోతుంది. నీటి చుక్క పరీక్ష ఇక్కడ కూడా వర్తిస్తుంది: ఉతికాక కూడా చుక్క జారిపోతుంటే ఆ గుడ్డకు అద్దకం పట్టదు. ముతక నూలు మొదటి ఉతుకులో కొంత కుంచించుకుపోతుంది కాబట్టి, సంచి కుట్టకముందే గుడ్డను ఉతికి, రంగు వేసి, ఆ తర్వాత కత్తిరించడం ఉత్తమం.

అరకిలో బరువున్న గుడ్డకు దాదాపు 10 లీటర్ల నీళ్లు, లీటరుకు 50 నుంచి 70 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల చాకలి సోడా సరిపోతాయి. రంగుపొడి మధ్యరకం ఛాయకు గుడ్డ బరువులో 2 నుంచి 4 శాతం. నలుపుకు దానికి రెట్టింపు వరకు పడుతుంది. ముందుగా రంగు, ఉప్పు కలిపిన నీటిలో గుడ్డను తిప్పుతూ ఉంచాలి. ఉప్పు పని, నీటిలో ఉన్న రంగును పీచు వైపు నెట్టడం. అరగంట గడిచాక సోడాను వేరే నీటిలో కరిగించి, గుడ్డను పక్కకు తీసి, కొంచెం కొంచెంగా పోయాలి. నేరుగా గుడ్డ మీద పోస్తే ఆ చోట ముదురు మచ్చ తేలుతుంది. సోడా పడిన క్షణం నుంచి రంగు అటు పీచుతోను, ఇటు నీటితోను కలవడం మొదలుపెడుతుంది. నీటితో కలిసిన రంగు వ్యర్థమే, మళ్లీ గుడ్డకు పట్టదు. మిగిలిన రంగునీళ్లను రేపటి సంచికని దాచుకోవడం వల్ల లాభం లేకపోవడానికి ఇదే కారణం. ఒక గంట తర్వాత గుడ్డను తీసి, మొదట చల్లని నీళ్లలో జాడించి, తర్వాత బాగా వేడి నీళ్లలో, నీరు తేటగా వచ్చే వరకు ఉతకాలి. బోరునీళ్లలో కఠినత్వం ఎక్కువగా ఉంటే విడి రంగు తేలిగ్గా వదలదు. చివరి ఉతుకులకైనా మెత్తని నీళ్లు దొరికితే మేలు.

పాత్ర విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇళ్లలో పెద్ద గిన్నె అనగానే చేతికి తగిలేది సత్తు గిన్నె. చాకలి సోడా సత్తును తింటుంది. గిన్నె నల్లబడుతుంది, రంగు కూడా చెడుతుంది. ప్లాస్టిక్ బకెట్టో స్టీలు పాత్రో వాడాలి. ఒకసారి రంగుకు వాడినది మళ్లీ వంటకు వాడకూడదు. రియాక్టివ్ రంగుపొడి పీల్చితే కొందరికి శ్వాసకు సంబంధించిన అలర్జీ వస్తుంది, అందువల్ల పొడిని కరిగించే వరకు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. పేరూ ఊరూ లేని పొట్లాల్లో అమ్మే చవక రంగుల జోలికి పోకపోవడం మంచిది. శరీరంలో కేన్సర్ కారక పదార్థాలుగా విడిపోయే కొన్ని అజో రంగులను జర్మనీ, ఆ తర్వాత భారతదేశం 1990లలో నిషేధించాయి; పొట్లం మీద తయారీదారు పేరే లేనప్పుడు లోపల ఉన్నదేమిటో కొనేవారికి తెలిసే దారి లేదు.

అద్దకం ఎప్పుడూ ఉన్న రంగుకు కొత్త రంగును జోడిస్తుందే తప్ప పాతదాన్ని తీసివేయదు. ఖాకీ సంచిని ముదురు గోధుమకో, ఆలివ్ పచ్చకో, నలుపుకో తీసుకుపోవచ్చు. నీలం వేస్తే మాత్రం మురికి ఆకుపచ్చ వస్తుంది. బ్లీచింగ్‌తో ముందు తెల్లగా చేసి తర్వాత రంగు వేయవచ్చు గాని నూలు బలం తగ్గుతుంది. తోలుకైతే బ్లీచింగ్ ఆలోచనే రాకూడదు. కుట్టు దారం పాలియెస్టర్ అయితే తెల్లగానే మిగులుతుందని ముందే లెక్కవేసుకోవాలి. కొన్నిసార్లు ఆ తెల్ల కుట్టే వేషానికి అందం ఇస్తుంది. అక్కర్లేదనుకుంటే గుడ్డకు వాడే మార్కర్‌తో కుట్టు వెంబడి దిద్దుకోవచ్చు.

ఇప్పుడు తోలు, కాన్వాసు రెండూ కలిసిన వస్తువు దగ్గరకు వస్తే, పనుల క్రమమే ముఖ్యం. తోలు సహజంగా కాస్త ఆమ్ల గుణంలో ఉంటుంది. చాకలి సోడా నీళ్లు బాగా క్షారం. ఆ నీళ్లలో పడిన తోలు ఉబ్బుతుంది, టానిన్ వదులుతుంది, నల్లగా కమిలి ఆరాక పెళుసవుతుంది. రివెట్లు, కొక్కేలు విప్పగలిగితే పట్టీలను విప్పి వేరుగా రంగు వేయడమే సరైన దారి. కుట్లు విప్పి, అవే రంధ్రాల గుండా తిరిగి కుట్టడం చెప్పులు కుట్టేవారికి పది నిమిషాల పని. దానికి వెనకాడి సంచిని పాడుచేసుకోవడం తెలివైన బేరం కాదు. విప్పడం వీలుకాకపోతే గుడ్డ భాగానికి ముంచే రంగును మానుకుని, కుంచెతో వేసే ఫ్యాబ్రిక్ రంగును పలుచగా వాడి, తోలు అంచులకు కాగితపు టేపు అంటించుకోవాలి.

ఛాయలు కలపడంలో కాన్వాసుకు ముందు, తోలుకు తర్వాత రంగు వేయాలి. గుడ్డ రంగు ఒకసారి కుదిరాక దాన్ని సవరించడం కష్టం. తోలు రంగును చుక్కలు చుక్కలుగా కలిపి, ఒక్కో పలుచని పూతతో గుడ్డ ఛాయకు దగ్గరగా తీసుకురావచ్చు. ఇంకొక సంగతి చాలామందికి ప్రదర్శన రోజున గాని తెలియదు: పగటి వెలుగులో ఒకేలా కనిపించిన రెండు గోధుమ రంగులు రంగస్థల దీపాల కింద ఒకటి ఎర్రగా, ఇంకొకటి పచ్చగా విడిపోవచ్చు. రెండు వేరువేరు రసాయన మిశ్రమాలు ఒక వెలుగులో కంటికి ఒకటిగా తోచినా, మరొక వెలుగును వేరే తీరుగా తిప్పికొడతాయి. తోలుకూ గుడ్డకూ వేర్వేరు రంగులు వాడక తప్పదు కాబట్టి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వేషం ఎక్కడ కనిపించబోతుందో ఆ వెలుగులోనే నమూనా ముక్కలను పక్కపక్కన పెట్టి చూడడమే దీనికి ఉపాయం.

ఈ తలనొప్పి చాలావరకు తప్పించేది మొదట చెప్పిన మినహాయింపు: ఇనుమూ టానినూ కలిసి పుట్టించే నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతకు వాడే కసిం అనే ద్రవాన్ని తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి, రెండు మూడు వారాలు పులియబెట్టి తయారుచేస్తారు. పులుపుకు ఇనుము కరిగి నీటిలో చేరుతుంది. గుడ్డను ముందుగానే కరక్కాయ రసం, పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెట్టి ఉంచుతారు; కరక్కాయ టానిన్‌ను ఇస్తుంది, పాల కొవ్వు గీతను పక్కలకు పాకనివ్వదు. కలం ఆ గుడ్డను తాకినప్పుడు మొదట లేతగా కనిపించిన గీత గాలి సోకేకొద్దీ, చూస్తుండగానే చిక్కటి నలుపవుతుంది. ఇనుము ఆమ్లజనితో కలిసి మరో రూపంలోకి మారి, టానిన్‌తో నల్లటి సమ్మేళనం కావడమే ఆ మార్పు. నలుపు కుండలో లేదు, గుడ్డలోని పీచు మీదనే పుడుతోంది. అందుకే అది పైపైన అంటిన రంగులా చేతికి రాదు.

బెరడు పదును తోలు విషయానికి వస్తే, టానిన్ అందులో ముందే నిండి ఉంది. పాశ్చాత్య దేశాల తోలు పనివాళ్లు బెల్లానికి బదులు వెనిగర్‌లో ఇనుము కరిగించి ఇదే పని చేస్తారు. నూనె జిడ్డు వదిలించిన మామూలు ఇనుప మేకులో, ఇనుప రజనో వెనిగర్‌లో వేసి, వాయువు బయటికి పోయేలా మూత వదులుగా పెట్టి, ఒకటి రెండు వారాలు ఉంచి, గుడ్డలో వడకట్టాలి. గిన్నెలు తోమే స్టీలు పీచు తుప్పు పట్టని రకం కాబట్టి ఇందుకు పనికిరాదు. ఈ ద్రవాన్ని తోలు మీద రాస్తే నిమిషాల్లో బూడిద వన్నె, ఆ వెంటనే నలుపు పైకి వస్తాయి. క్రోమ్ తోలు మీద రాస్తే ఏమీ జరగదు, మహా అయితే మాసినట్టు కనిపిస్తుంది. అంటే పైపూత లేని తోలు ఏ పదునుదో తేల్చుకోవడానికి కూడా ఇందులోని ఒక్క చుక్క చాలు. నలుపు పలుచగా వస్తే చిక్కటి టీ కషాయమో, కరక్కాయ కషాయమో ముందు పట్టించి మళ్లీ రాయాలి. పని అయ్యాక నీటిలో కొద్దిగా వంటసోడా కలిపి ఒకసారి తుడిచి, మంచినీళ్లతో కడిగి, ఆరీ ఆరని దశలో నూనె పట్టించాలి. వంటసోడా ఇక్కడ మిగిలిన ఆమ్లాన్ని చంపడానికి మాత్రమే. అది తోలు మీద నిలిచిపోకూడదు.

అదే ద్రవాన్ని, కరక్కాయ పొడి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన నూలు కాన్వాసుకు రాస్తే దానికీ నలుపు వస్తుంది. గుడ్డ మీద కాస్త బూడిద కలిసిన నలుపు, తోలు మీద మరింత లోతైన నలుపు కనిపించినా, రెండింటిలో ఉన్నది ఒకే సమ్మేళనం కావడంతో దీపాల కింద అవి విడివిడి రంగులుగా చీలే భయం తక్కువ. అమ్ములపొది గుడ్డ గొట్టానికీ, దాని తోలు పట్టీకీ ఒకే సీసాతో పని జరుగుతుంది. రెండు రంగుల ఖర్చు, రెండు రకాల జాగ్రత్తలు తప్పుతాయి. నలుపు చాలనుకున్న వేషానికి, తోలు బెరడు పదునుదని తేలినప్పుడు, బజారు రంగుల కంటే ముందు ఆలోచించవలసినది ఇదే. అయితే దీనికి ఉన్న లోపం కూడా తెలిసి ఉండాలి. మిగిలిపోయిన ఇనుము, ఆమ్లం ఏళ్ల తరబడి నూలు పీచును కొరుకుతూ ఉంటాయి. పాత అద్దకపు వస్త్రాల్లో మిగతా రంగులు నిలిచి ఉండగా నల్ల భాగాలే ముందు చివికిపోవడానికి ఈ గుణమే కారణం. నాలుగైదేళ్ల వేషానికి ఇది లెక్కలోకి రాదు. తాతల నాటి తోలు ఒర వంటి దాచుకోదగిన వస్తువు మీద మాత్రం ప్రయోగించకూడదు.

రెగ్జిన్, పేటెంట్ తోలు, కవచాలకు వాడే ఫోమ్ షీట్లు అద్దకానికి లొంగవు కాబట్టి వాటికి పూత ఒక్కటే గతి. జిడ్డు తుడిచి, సన్నని గరుకు కాగితంతో మెరుపు చంపి, వంగే గుణం ఉన్న అక్రిలిక్ రంగును పలుచని పొరలుగా వేయాలి. గోడలకు వేసే ఎనామెల్ చవకే గాని, మోకాలు వంచగానే బూటు మీద పెంకులు లేస్తాయి.

చర్మానికి తగిలే వస్తువుల విషయం విడిగా చెప్పుకోవాలి, ముఖ్యంగా కూచిపూడి నర్తకుల గజ్జెల పట్టీల గురించి. తోలు పట్టీ మీద వరుసలుగా కుట్టిన గజ్జెలు, ముదురు ఎరుపో మెరూనో రంగు, గంటల తరబడి చెమట, నిమిషానికి ఎన్నోసార్లు నేలను తాకే అడుగులు: రంగు కారడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి మరొకటి ఉండదు. చెమటలోని ఉప్పు, తడి, రాపిడి మూడూ కలిసి పీచుకు అంటీ అంటనట్టున్న రంగును వదిలిస్తాయి. చీలమండ చుట్టూ ఎర్రటి కడియం, పట్టు అంచు మీద మరక అందుకే. రంగు వెలిసిన పాత పట్టీకి ఇంట్లో మళ్లీ రంగు వేయాలనుకుంటే, పైవైపు మాత్రమే వేసి, పొడి గుడ్డతో రుద్ది, అక్రిలిక్ రక్షణ పూత రెండుసార్లు వేయాలి. తర్వాత తెల్లని నూలు గుడ్డను ఉప్పునీళ్లలో తడిపి పట్టీ మీద ఇరవై ముప్పై సార్లు రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఇంకా రుద్ది తుడిచి, మరో పూత వేయవలసిందే. చర్మానికి ఆనే లోపలి వైపు రంగు వేయకుండా వదిలి, అక్కడ తెల్ల నూలు గుడ్డ అస్తరు కుట్టించుకుంటే చెమట ముందు ఆ గుడ్డకు పడుతుంది, మాసినప్పుడు విప్పి కొత్తది కుట్టించుకోవచ్చు.